సుధామయి గారు చూడని నాలుగు నిమిషాలు

రండమ్మా రండి, ఇలా దగ్గరికి జరగండి. గోడవార హీటరు పక్కన కూర్చున్నవాళ్ళు దాన్ని వదిలి రారని తెలుసు, కానీ ఆ మూలకి నా గొంతు అందదు. ఫోన్లు బోర్లా పెట్టండి. చంటిపిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, వాళ్ళూ వినడానికే వచ్చారు. ఆ ఏడుకొండలవాణ్ణి ఓసారి మనసులో తలుచుకుని వినండి. ఇది ఈ కెనడాలో, మన ఓక్‌విల్‌లో, మనవాళ్ళ మధ్య జరిగిన సంగతి.

సుధామయి గారిది గడియారం పెట్టినట్టుండే జీవితం. పొద్దున్నే దీపం, పూజ. పన్నెండున్నరకి భోజనం. రెండు కొట్టేసరికి ముందుగదిలో కర్టెన్లు సగానికి లాగి, ఒళ్ళో గళ్ళ శాలువా, చేతిలో రూళ్ళ నోటుబుక్కు పెట్టుకుని టీవీ ముందు కూర్చునేవారు. భర్త రంగనాథ్ గారు కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఆ వేళకి ఆయన వంటింట్లో డికాక్షన్ దిగుతుంటే చూస్తూ నిలబడేవారు.

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు ఆస్పత్రిలో పాథాలజిస్టుగా చేశారు. అంటే రోగి నాడి పట్టుకునే డాక్టరు కాదు. రోగి ఒంట్లోంచి తీసిన పిసరంత ముక్కని గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపులో చూసి, అదేమిటో తేల్చి రాసే డాక్టరు. నమూనా ఏమిటి, అందులో కనబడినవేమిటి, చివరికి అభిప్రాయం ఏమిటి. ఆ వరసలోనే రాయాలి. రిటైరయ్యాక గాజుపలకలు పోయాయి గానీ చెయ్యి ఊరుకుంటుందా? సినిమాలకీ సీరియళ్ళకీ రిపోర్టులు రాయడం మొదలుపెట్టారు. రాసి, ఫోటో తీసి, మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. రెండువందల నలభై మంది వాటికోసం కాచుకుని ఉండేవాళ్ళు.

“నమూనా: అత్తాకోడళ్ళ సీరియల్, ఏడువందల పన్నెండో భాగం. కనబడినవి: కోడలు మామగారి ఫోటో ముందు నిలబడి ఏడ్చింది. ఫోటో మీద దుమ్ము నిరుటి నుంచీ అలాగే ఉంది. అభిప్రాయం: ఏడ్చే టైములో సగం తుడవడానికి పెడితే ఇల్లూ బాగుపడును, కథా ముందుకు నడుచును.”

“నమూనా: పెద్ద హీరో కొత్త సినిమా. కనబడినవి: రెండో సగంలో ఎనభై మంది దెబ్బలు తిన్నారు. ఒక్కడికీ ఎక్స్‌రే తీయలేదు. హీరోకి చెమట కూడా పట్టలేదు. అభిప్రాయం: అతనికి థైరాయిడ్ పరీక్ష అవసరం.”

“నమూనా: కొరియా డ్రామా, పదహారు భాగాలు. కనబడినవి: ఒక అబ్బాయి, ఒక అమ్మాయి కలిసినప్పుడల్లా వాన. ఎవరికీ జలుబు చేయలేదు. అయినా చివరి భాగంలో ఆ అబ్బాయి గొడుగు మొత్తం ఆ అమ్మాయి వైపు వంచేసి తను తడిసిన తీరు నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాను. అభిప్రాయం: ప్రాణం ఉంది.”

‘ప్రాణం ఉంది’ అని ఆవిడ ఏడాదికి రెండుసార్లు రాస్తే గొప్ప. అదీ చివరి పేర్లన్నీ పైకి వెళ్ళిపోయి తెర నల్లబడేదాకా కూర్చున్నాకే రాసేవారు.

టీవీ ఆపి ఆవిడ పెన్ను మూత తీయగానే, అంతవరకూ చూసిన కథలోంచి ఎవరో ఒకరు దిగి వచ్చి సోఫా అంచున కూర్చునేవారు. తమ గురించి ఏం రాస్తుందో విందామని. కథల్లో తిరిగేవాళ్ళకి గుమ్మం దగ్గర బూట్లు విప్పే అలవాటు ఉండదు కదా, రంగనాథ్ గారు టీవీ కింద ఒక బూట్ల ట్రే పెట్టారు. వానలో తడిసి వచ్చేవాళ్ళ కోసం సోఫా చేతి మీద పాత తువ్వాలు ఒకటి.

“ఎవరొచ్చారు సుధా?” అని వంటింట్లోంచి కేకేసేవారు.

“విలనండీ.”

“పంచదార వేసుకుంటాడా?”

“అడిగాను. ఏడుస్తున్నాడు. మామూలుగా కలిపేయండి.”

వచ్చినవాళ్ళు కాఫీ తాగి, ఆవిడ చదివింది విని, కొందరు మొహం మాడ్చుకుని, కొందరు దణ్ణం పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయేవారు. ఒక్కరూ రెండో కాఫీదాకా ఉన్నది లేదు.

ఆ ఇంటి బేస్‌మెంట్‌లో నిఖిల అని జనగామ అమ్మాయి అద్దెకుండేది. ఇరవై ఆరేళ్ళు. ఇక్కడి కాలేజీలో డేటా అనలిటిక్స్ చదివింది, పొద్దున పూట ఒక సూపర్‌మార్కెట్ బేకరీలో చేస్తోంది. మిగతా ప్రాణమంతా సినిమా మీదే. సెలవు రోజుల్లో ఫోనుతో, అరువు తెచ్చుకున్న మైకుతో, ఏడాది పట్టి ఒక చిన్న సినిమా తీసింది. పందొమ్మిది నిమిషాలు. పేరు ‘బాలవ్వ బస్సు’. కూతురి దగ్గరికి వచ్చిన ఒక ముసలావిడ, ఇంట్లో అందరూ పనికి వెళ్ళగానే టౌన్ బస్సెక్కి, ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతూ ఉంటుంది. అదీ కథ. బాలవ్వ వేషం మన కనకదుర్గ గారు వేశారు, కరీంనగర్ ఆవిడ, ఎరుగుదురు కదా.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం కమ్యూనిటీ సెంటర్ హాల్లో ఆ సినిమా వేశారు. సుధామయి గారు రెండో వరసలో కూర్చున్నారు. తెర మీద బాలవ్వ మంకీ క్యాప్ పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. మంచు. ఇంకో స్టాపు. పెదాలు కొంచెం కదిలాయి, మాట లేదు. మళ్ళీ మంచు. పది నిమిషాలైంది, పన్నెండైంది, పదిహేనైంది.

అప్పుడు హాలు వెనక ఎవరో గుత్తివంకాయ ట్రే మీది రేకు తీశారు.

మన సభల సంగతి మీకు నేను చెప్పాలా? ఎవరూ భోజనానికి రమ్మని పిలవరు. రేకు తీసిన చప్పుడే పిలుపు. ఒక వరస లేచింది, చూసి ఇంకో వరస లేచింది. చీకట్లోనే లైను కట్టారు. రంగనాథ్ గారు భార్య భుజం తట్టారు.

“సుధా, లైను పెరిగిపోతోంది. నీకు షుగర్ పడిపోతుంది, లే.”

“ఇంకా అవలేదండీ.”

“ఇంకేముంది, బస్సులో తిరుగుతూనే ఉందిగా.”

ఆవిడ లేచారు. కాగితం పళ్ళెం పట్టుకుని తెరకి వీపు పెట్టి నిలబడ్డారు. వెనకాల ఏదో మాటలు వినబడ్డాయి. పప్పు వడ్డించుకునేటప్పటికి చప్పట్లు వినబడ్డాయి, ఆవిడ కూడా పళ్ళెం పట్టుకున్న చేత్తోనే కొట్టారు.

ఆదివారం నోటుబుక్కు తెరిచారు. గ్రూపులో అప్పటికే అడుగుతున్నారు, మేడమ్ గారి రిపోర్టు ఏదీ అని. ఆవిడ రాశారు: “నమూనా: బాలవ్వ బస్సు. కనబడినవి: కిటికీ, మంచు, మళ్ళీ కిటికీ. కదలిక లేదు. అభిప్రాయం: ప్రాణం ఆనవాలు కనబడలేదు.” పెట్టిన గంటలో అరవై మంది బొటనవేళ్ళు ఎత్తారు. “కరెక్టుగా చెప్పారు మేడమ్” అని పదిమంది రాశారు.

సాయంత్రం నిఖిల చెత్తబుట్టలు రోడ్డు మీద పెట్టడానికి వచ్చినప్పుడు ఎదురుపడింది.

“రిపోర్ట్ చదివిన ఆంటీ. మంచిగ రాసిన్రు.”

“ఏమనుకోకమ్మా, ఉన్నది ఉన్నట్టు...”

“అయ్యో, అందుకే కదా ఆంటీ మీతోని రాయించుకునేది.” నవ్వింది. బుట్ట చక్రం మంచులో ఇరుక్కుంటే కాలితో ఒక తన్ను తన్ని లాక్కెళ్ళింది.

సోమవారం రెండింటికి సుధామయి గారు ముందుగదిలోకి వచ్చేసరికి సోఫాలో బాలవ్వ కూర్చుని ఉంది. టీవీ పెట్టనే లేదు. మంకీ క్యాప్ మీద మంచు. చెప్పులు బుద్ధిగా ట్రేలో ఉన్నాయి.

“ఏమండీ, ఇంకో గ్లాసు,” అన్నారు సుధామయి గారు. రిపోర్టు చదివి వినిపించారు. బాలవ్వ విన్నది. కాఫీ ముట్టలేదు, మాట్లాడలేదు. కిటికీలోంచి వీధి వైపు చూస్తూ కూర్చుంది. పెదాలు కొంచెం కదులుతున్నాయి.

వెళ్ళలేదు.

మంగళవారం కూడా ఉంది. బుధవారం సీరియల్ పెడితే అందులోంచి వచ్చిన కోడలు కూర్చోవడానికి చోటులేక నిలబడే రిపోర్టు విని వెళ్ళిపోయింది. “ఈవిడ ఎందుకు వెళ్ళట్లేదు సుధా? ఏమైనా తక్కువ చేశామా?” అని రంగనాథ్ గారు జంతికలు, అరటిపండు, చివరికి తను దాచుకున్న కాజాలు కూడా తెచ్చి ముందు పెట్టారు. బాలవ్వ చెయ్యి చాపలేదు.

గురువారం కనకదుర్గ గారి ఫోను.

“సుధామయి గారూ, నిఖిల సంగతి మీకు తెలుసా? మాంట్రియల్‌ల సినిమా పని నేర్పే స్టూడియో ఒకటి ఉందట. ఏటా ఎనిమిది మందిని తీసుకుంటరట. ఈ సినిమా పంపాలని ఏడాది నుంచి కష్టపడ్డది. రేపు సాయంత్రం ఐదుకి ఆఖరు. ఇప్పుడు పంప అంటుంది.”

“ఎందుకట?”

“ఎందుకో మీకు తెల్వదా? బేకరీ వాళ్ళు సూపర్‌వైజర్ పోస్ట్ ఇస్తమన్నరట, పీఆర్‌కు, అదే ఇక్కడ్నే ఉండిపోయే కాయితాలకు, పనికొస్తది, ఇగ సినిమాలు బంద్ అంటుంది. సరే, నేను వేరే మాట అడుగుత. ఆఖర్ల నేను చేసింది ఎట్లుంది? నిజం చెప్పండి. ఆ నాలుగు నిమిషాలకే నేను రెండు నెలలు కష్టపడ్డ.”

ఆఖర్న కనకదుర్గ గారు ఏం చేశారో సుధామయి గారికేం తెలుసు?

“బాగుందండీ. చాలా... బాగా చేశారు.”

ఫోను పెట్టేశారు. చూస్తే బాలవ్వ కిటికీ మీంచి చూపు తిప్పి ఆవిడ వంకే చూస్తోంది. నాలుగు రోజుల్లో మొదటిసారి నోరు విప్పింది.

“నేను బస్సు దిగకముందే నువ్వు పళ్ళెం పట్టుకుంటివి కద బిడ్డా. నువ్వు జూడంది నేనెట్ల దిగుత?”

ఆ మాటలో కోపం లేదు. దారి అడిగినట్టు అడిగింది.

సుధామయి గారు ఆ రోజు సీరియల్ పెట్టలేదు. సాయంత్రం దీపం పెట్టి దేవుడి ముందు కూర్చున్నారు గానీ శ్లోకం ముందుకి కదల్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో గాజుపలక మీద ముక్క చిన్నదైతే, సగమే వస్తే, ఆవిడ ఎప్పుడూ ఒకటే రాసేవారు: నమూనా చాలదు, మళ్ళీ పంపండి. పెద్ద పెద్ద సర్జన్లు ఫోను చేసి తొందరపెట్టినా అదే మాట. అవతల ఉన్నది ఒక మనిషి ప్రాణం. ఇక్కడ మాత్రం ప్రాణం ఎవరిది పోతుందిలే అనుకున్నారు.

“మీరు లేపబట్టేనండీ,” అన్నారు రంగనాథ్ గారితో.

“నేను లేపాను నిజమే,” అన్నారాయన నెమ్మదిగా. “రాయమన్నది మాత్రం నేను కాదు సుధా.”

శుక్రవారం మధ్యాహ్నం నిఖిల పని నుంచి వచ్చిన చప్పుడైంది. మూడున్నర. అద్దెకిచ్చిన ఈ మూడేళ్ళలో సుధామయి గారు ఆ బేస్‌మెంట్ మెట్లు ఒక్కసారీ దిగలేదు. పిల్ల ఇల్లు పిల్లది అని ఆవిడ నియమం. ఆ రోజు మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు. వెనకాలే బాలవ్వ. తలుపు కొట్టారు.

నిఖిల తీసింది. బేకరీ టోపీ ఇంకా తల మీదే ఉంది. వెనకాల ఉన్నావిడని కూడా చూసింది.

“బాలవ్వ మీ దగ్గర్నే ఉన్నదా ఆంటీ? రండి, లోపట్కి రండి. హీటర్ పని చేస్తలేదా?”

“హీటర్ బాగానే ఉందమ్మా.” సుధామయి గారు గుమ్మంలోనే నిలబడ్డారు. “నీ సినిమా చివరిదాకా నేను చూడలేదు.”

నిఖిలకి అర్థం కాలేదు. “అంటే?”

“అన్నానికి లేచాను. చివరి నాలుగు నిమిషాలు చూడకుండా రిపోర్టు రాశాను. నిన్న కనకదుర్గ గారికి చూశానని అబద్ధం కూడా చెప్పాను.”

అమ్మాయి టోపీ తీసి చేతిలో నలిపింది.

“అందరు లేచిన్రు ఆంటీ. నేను ల్యాప్‌టాప్ దగ్గర నిలబడి చూస్తనే ఉన్న, వరసకు వరస లేస్తుంటే. మీరొక్కరు లేవరనుకున్న. ఆ చీకట్ల కనబడలే. అందుకే వాళ్ళ లైకులు కాదు, మీ మాట నమ్మిన.”

సుధామయి గారికి తల ఎత్తబుద్ధి కాలేదు.

“ఇప్పుడు చూపిస్తావా?”

“ఇప్పుడేం లాభం? నాలుగింటికి మేనేజర్‌కు ఫోన్ చేసి ఓకే చెప్తనన్న.”

“లాభం ఉందో లేదో నాకు తెలీదు. నువ్వు పంపినా పంపకపోయినా నేను చూడాలి. మొదటి నుంచీ చూస్తాను.”

నిఖిల మంచం మీది బట్టలు పక్కకి తోసి చోటు చేసింది. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టింది. బాలవ్వ మెట్ల మీదే కూర్చుంది, బస్సులో కూర్చున్నట్టు.

మంచు, కిటికీ, పెదాల కదలిక. ఈసారి సుధామయి గారు ఆ పెదాలనే చూశారు. మైక్రోస్కోపులో చూసినట్టు చూశారు. బస్సులో ప్రతి స్టాపుకి ముందూ పేరు వినబడుతుంది. వినబడిన ప్రతిసారీ ఆ ముసలావిడ లోలోపల దాన్ని అనుకుంటోంది. పదిహేను నిమిషాలూ చేసింది అదే.

చివరి స్టాపు వచ్చింది. అందరూ దిగారు. బాలవ్వ కర్ర పట్టుకుని ముందుకి నడిచి, సర్దార్జీ డ్రైవరు పక్కన నిలబడి, తెలుగులోనే మొదలుపెట్టింది.

“బిడ్డా, రేపు నేను మా దేశం పోతున్న. నీ పేరు నాకు తెల్వది, నా పేరు నీకు తెల్వది. ఇంట్ల అందరు పనికి వోతె దినమంత నా నోరు మూతపడి ఉండె. నువ్వు రోజు పొద్దుగాల నవ్వుకుంట పలకరిస్తివి. నీకేమియ్యాలె నేను? నేర్చుకున్నది వినిపిస్త, విను.”

ఇక మొదలుపెట్టింది. స్టేషను, కెర్ స్ట్రీటు, స్పియర్సు రోడ్డు, డోర్వాలు, అప్పరు మిడిలు, డండాసు... చదువురాని ముసలావిడ, ముప్పై నాలుగు స్టాపులు. మనం పూజకి కూర్చుని కేశవ నామాలు చెప్పుకోమూ, ఆ వరసలో, ఆ నిదానంతో, ఒక్కటీ తప్పకుండా. ఆమె ఏం చేస్తోందో డ్రైవరుకి సగంలో తెలిసింది. ఇంజిను ఆపేశాడు. స్టీరింగు మీంచి చేతులు తీసి జోడించాడు. చివరి పేరు ఇద్దరూ కలిసి అన్నారు. తలుపు తెరుచుకుంది. బాలవ్వ దిగి మంచులో నడిచి వెళ్ళింది.

తెర నల్లబడింది. సుధామయి గారి చెంపలు తడిసి ఉన్నాయి, తుడుచుకోలేదు. మెట్ల మీద బస్సు తలుపు తెరుచుకున్నప్పటి గాలి చప్పుడు లాంటిది వినబడింది. ఇద్దరూ తిరిగి చూశారు. అక్కడ ఎవరూ లేరు. మెట్టు మీద కాస్త తడి.

“దిగింది,” అంది నిఖిల.

సుధామయి గారు అక్కడే ఫోను తీశారు. ఈసారి నోటుబుక్కు లేదు, మూడు భాగాలూ లేవు. రెండువందల నలభై మందికీ కనబడేలా రాశారు: “ఆదివారం నేను పెట్టిన రిపోర్టు తప్పు. సినిమా అవకముందే అన్నానికి లేచాను, చూడనిది చూసినట్టు రాశాను. ఇవాళ చూశాను. అభిప్రాయం రాయను. నిఖిల ఇంకోసారి వేస్తే వచ్చి కూర్చోండి. నిఖిలకి, కనకదుర్గ గారికి నా క్షమాపణలు.”

ఒక నిమిషం అయ్యాక గ్రూపులో మొదటి జవాబు: “మేమూ చూళ్ళేదండీ, పెరుగన్నం దగ్గరున్నాం.” ఇంకొకరు: “నేను పార్కింగ్‌లో ఉన్నా.” ఇంకొకరు: “సారీ నిఖిలా, నేను లైక్ కొట్టా, కానీ ఏం చూళ్ళే.” అలా ఒకరి వెనక ఒకరు, నలభై, యాభై, అరవై. బొటనవేలెత్తిన అరవై మందిలో చివరిదాకా చూసినవాడు ఒక్కడూ లేడు! నిఖిల చదువుతూ చదువుతూ ముందు నోరు తెరిచింది, తర్వాత పడీ పడీ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

“మేనేజర్‌కి ఫోన్ చేయాలన్నావు కదమ్మా,” అన్నారు సుధామయి గారు, అడగడానికి భయపడుతూనే.

నిఖిల గడియారం చూసింది. నాలుగూ ఇరవై. ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది.

“ఫైల్ పెద్దది ఆంటీ. పైన మీ వైఫైల అంకుల్ ఏదన్న చూస్తున్నరా?”

సుధామయి గారు మెట్ల మొదట్లోకి వెళ్ళి, రిటైరయ్యాక ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచారు. “ఏమండీ! అన్నీ ఆపేయండి!”

నాలుగూ యాభై రెండుకి సినిమా మాంట్రియల్ చేరింది. ఏప్రిల్లో ఎనిమిది మందిలో నిఖిల పేరొచ్చింది. ఆగస్టులో రెండు సూట్‌కేసులతో రైలెక్కింది. స్టూడియోలో మొదటి రోజు, నీకు ఇక్కడ ఏం కావాలని అడిగారట. చివరిదాకా కూర్చునే మనుషులు ఒక్కరిద్దరు చాలు అన్నదట.

అదీ సంగతి. వెంకన్న దయవల్ల మీరంతా కదలకుండా విన్నారు. లేచే ముందు ఒక్కటి మనసులో పెట్టుకోండి. ఎవరి కష్టం మీదైనా చూడకుండా ఒక మాట అనేసి ఉంటారు. నేనూ అన్నాను, మీరూ అనుంటారు. అది కూరైనా కావచ్చు, పాటైనా కావచ్చు, కోడలి కొత్త ఉద్యోగమైనా కావచ్చు. వాళ్ళ తలుపు దాకా నడవండి. “నేను సరిగ్గా చూడలేదమ్మా, ఇప్పుడు చూపించు” అనండి. చూపిస్తే చివరిదాకా కూర్చోండి. ఈ వారం ఒక్కరి దగ్గర చేయండి. వచ్చే వారం ఇంకొకరి దగ్గర.